డాక్యుమెంటేషన్ ఎక్కడ రాయాలి, జవాబులు ఎక్కడ ఇవ్వాలి? చిన్న సాఫ్ట్‌వేర్ బృందాలకు ఎంపిక సలహా

ఒక శుక్రవారం సాయంత్రం, ఆరు దాటాక, మా సాఫ్ట్‌వేర్ లైబ్రరీ (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) వాడుతున్న ఒక కుర్రవాడు ఫోను చేశాడు. "సార్, టైమౌట్ ముప్పై అని ఇచ్చాను. ప్రతి అభ్యర్థనా వెళ్లీ వెళ్లకముందే తెగిపోతోంది" అన్నాడు. మా డాక్యుమెంటేషన్ తెరిచి చూశాను. 'టైమౌట్: సెకన్లలో ఇవ్వాలి' అని స్పష్టంగా రాసి ఉంది. కోడ్‌లో మాత్రం రెండు వెర్షన్ల కిందటే దాన్ని మిల్లీసెకన్లకు మార్చాం. మార్చిన వ్యక్తి కోడ్ దిద్దాడు, టెస్టులు దిద్దాడు. వికీలో ఉన్న ఆ ఒక్క పదం ఎవరి కంటా పడలేదు. ముప్పై మిల్లీసెకన్ల గడువు పెట్టుకుని ఆ అబ్బాయి రెండు రోజులపాటు తన సర్వర్‌నే అనుమానిస్తూ కూర్చున్నాడు.

అంతకన్నా బాధ పెట్టిన విషయం మరొకటి ఉంది. సరిగ్గా ఇదే ప్రశ్నకు మా సహోద్యోగిని మూడు వారాల ముందే ఒక చాట్ గ్రూపులో ఉదాహరణతో సహా జవాబు ఇచ్చింది. ఆ జవాబు ఆ గ్రూపులోనే, తర్వాత వచ్చిన వందల సందేశాల అడుగున ఉండిపోయింది.

అప్పటి నుంచి ఏ పనిముట్టునైనా, ఏ వేదికనైనా నేను రెండు ప్రశ్నలతోనే తూచి చూస్తున్నాను. కోడ్ మారినప్పుడు ఈ పేజీ మారకపోతే ఎవరికైనా తెలుస్తుందా? ఒకరికి చెప్పిన జవాబు రెండోవారికి వెతికితే దొరుకుతుందా? థీమ్, రంగులు, హంగులు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఈ సలహా ఒక లైబ్రరీనో ఏపీఐనో (ఇతర ప్రోగ్రాములు మీ సేవను వాడుకునే ద్వారం) బయటి డెవలపర్ల చేతికి ఇస్తూ, డాక్యుమెంటేషన్ కోసమే అంటూ ఒక మనిషిని పెట్టుకోలేని చిన్న బృందాలకు. ఇబ్బంది మాత్రం అందరిదీ. కోడ్ దాచుకుని పంచుకునే సైట్ గిట్‌హబ్ 2017లో జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది అరకొర డాక్యుమెంటేషన్‌ను, పాతబడిన డాక్యుమెంటేషన్‌ను తాము ఎదుర్కొన్న సమస్యగా చెప్పారు. అదే సర్వేలో, ప్రాజెక్టులకు పనిచేసేవాళ్లలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్‌లో తాము అరుదుగా తప్ప చేయి పెట్టమని, లేదా అసలే పెట్టమని ఒప్పుకున్నారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పేజీలో తప్పు అందరికీ కనబడుతోంది, దిద్దే దారి మాత్రం దూరంగా ఉంది. ఆ దారిని దగ్గర చేసే పనిముట్టే మంచి పనిముట్టు.

ముందు ఏది కొరవడిందో చూసుకోండి

పనిముట్టు మార్చితే డాక్యుమెంటేషన్ దానంతట అదే బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. సామాను సర్దుకోకుండా ఇల్లు మారితే కొత్త ఇంట్లోనూ అదే గందరగోళం. కాబట్టి ఏదైనా ఎంచుకునే ముందు మీకు వచ్చిన చివరి ముప్పై ప్రశ్నలను ఒకచోట రాసుకోండి. ఈమెయిల్, చాట్, ఫోను, అన్నిటి నుంచీ.

వాటిని విడదీయడానికి డానియేలే ప్రొచీదా రూపొందించిన డయాటాక్సిస్ పద్ధతి బాగా పనికొస్తుంది. డాక్యుమెంటేషన్ నాలుగు రకాలని ఆయన వాదన: చేయి పట్టుకుని నేర్పే ట్యుటోరియల్, ఒక నిర్దిష్టమైన పని ఎలా చేయాలో చెప్పే సూచన, ఉన్నది ఉన్నట్టు చెప్పే రిఫరెన్స్, ఎందుకు ఇలా ఉందో చెప్పే వివరణ. జాంగో వెబ్ ఫ్రేమ్‌వర్క్ డాక్యుమెంటేషన్ మొదటి పేజీ తెరిస్తే ఈ విభజన కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. "ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్న ప్రశ్నలు ఎక్కువగా ఉంటే మీకు ట్యుటోరియల్ లేదు. "రీఫండ్ సగం మాత్రమే ఇవ్వాలంటే?" లాంటివి ఎక్కువైతే పని సూచనలు లేవు. "ఈ పారామీటర్‌కు ఖాళీ విలువ ఇవ్వవచ్చా?" అంటే రిఫరెన్స్ బలహీనం.

నేను చూసినంతలో చిన్న బృందాల దగ్గర రిఫరెన్స్ ఎంతో కొంత ఉంటుంది, ఎందుకంటే అది కోడ్ నుంచే పుడుతుంది. పని సూచనలే ఉండవు. అలాంటప్పుడు మీరు చేయవలసిన పని కొత్త వెబ్‌సైట్ కట్టడం కాదు, పది పేజీలు రాయడం. ఇప్పుడు ఉన్న పనిముట్టుతోనే రాయండి, ఎంపిక సంగతి తర్వాత చూడవచ్చు.

వికీయా, కోడ్ పక్కనే ఫైళ్లా?

నిజానికి అన్నిటికన్నా పెద్ద ఎంపిక ఇదే. ఇది సరిగ్గా జరిగితే మిగతావి తప్పినా దిద్దుకోవచ్చు.

వికీ బలం దాని తేలికతనం. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో మొదటి వికీని నెట్‌లో పెట్టినప్పటి నుంచీ దాని ఆకర్షణ ఒకటే: చదువుతున్న పేజీనే అక్కడికక్కడే దిద్దవచ్చు. గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే పనిముట్టు) తెలియని సపోర్ట్ ఉద్యోగి కూడా ఒక నిమిషంలో తప్పు సరిచేయగలడు. బృందం లోపలి విషయాలకు, అంటే సర్వర్ పడిపోతే ఎవరికి ఫోను చేయాలి, కొత్తగా చేరినవాళ్లకు ఏ అనుమతులు ఇవ్వాలి, సమావేశంలో ఏమి తేలింది అన్నవాటికి, వికీని మించింది లేదు. కాన్‌ఫ్లుయెన్స్ అయినా, గూగుల్ డాక్స్ అయినా సరే.

బయటి డెవలపర్లు చదివే పేజీల విషయం వేరు. మొజిల్లా వారి ఎండీఎన్ సంగతి చూడండి. వెబ్ డెవలపర్లు రోజూ తెరిచే ఆ డాక్యుమెంటేషన్ 2005 నుంచి పదిహేనేళ్ల పాటు వికీగానే నడిచింది. 2020 డిసెంబరులో దాన్ని గిట్‌హబ్‌కు మార్చారు. ఇప్పుడు అక్కడ ఒక వాక్యం మార్చాలన్నా పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలపండి అన్న అభ్యర్థన) పంపాలి, ఎవరో ఒకరు చూసి ఒప్పుకోవాలి. వికీకి ఎన్నో ఏళ్లు అలవాటుపడిన అంత పెద్ద సమూహమే ఆ వైపు నడిచిందంటే, ప్రచురణకు ముందు రెండో మనిషి కన్ను పడటానికి ఎంత విలువ ఉందో ఆలోచించండి.

నా మట్టుకు నాకు అసలు కారణం ఇంకొకటి. డాక్యుమెంటేషన్ కోడ్ ఉన్న రెపోలోనే, అంటే గిట్ ఫైళ్లను దాచే చోటే, ఉంటే, సెకన్లను మిల్లీసెకన్లుగా మార్చిన పుల్ రిక్వెస్ట్‌లోనే పేజీ మార్పు కూడా ఉండాలి. లేకపోతే దాన్ని పరిశీలించేవారు "మరి పేజీ ఏదీ?" అని అడగగలరు. వికీలో ఆ ప్రశ్న అడిగే సందర్భమే రాదు. మేము ఆ తర్వాతి వారంలోనే రెపోకు మారాం. పుల్ రిక్వెస్ట్ నమూనాలో ఒక గడి చేర్చాం: 'వాడేవారికి కనిపించే మార్పు ఉందా? ఉంటే ఏ పేజీ మార్చారు?' ఆ గడి ఖాళీగా ఉంటే కోడ్ కలపం.

గిట్ తెలియనివారి ఇబ్బంది నిజమైనదే, దాన్ని తేలికగా తీసుకోకూడదు. దానికి మందు ప్రతి పేజీ అడుగున 'ఈ పేజీని సరిదిద్దండి' అన్న లింకు. అది నొక్కితే గిట్‌హబ్‌లో ఆ ఫైలే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. మా సపోర్ట్ బృందంలో గిట్ ముఖం చూడని ఇద్దరికి ఆ దారి ఒక్కసారి చూపిస్తే చాలింది.

స్ఫింక్స్, ఎంకేడాక్స్, డాక్యుసారస్

రెపోలో రాయాలని తేల్చుకున్నాక, ఆ ఫైళ్లను వెబ్‌సైట్‌గా మార్చే పనిముట్టు కావాలి. చాలా ఉన్నాయి. వాటిలో నేను వాడి చూసిన మూడింటి గురించే చెబుతాను.

స్ఫింక్స్‌ను గియోర్గ్ బ్రాండ్ల్ పైథాన్ భాష డాక్యుమెంటేషన్ కోసం తయారుచేశాడు. 2008లో విడుదలైంది. లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్ కూడా 2016లో దీనికే మారింది. దీని బలం పేజీల మధ్య సంబంధాలు. ఒక ఫంక్షన్‌ను పేరుతో ప్రస్తావిస్తే లింకు దానంతట అదే పడుతుంది, నిట్‌పికీ అనే సెట్టింగు పెట్టుకుంటే, ఆ ఫంక్షన్ పేరు మారిపోయినప్పుడు వెబ్‌సైట్ తయారయ్యే సమయంలో హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికలను ఎర్రర్లుగా లెక్కించమని చెబితే తెగిన లింకుతో సైట్ బయటికి వెళ్లదు. కోడ్‌లో ఫంక్షన్లకు రాసిన వివరణలను లాక్కొచ్చి రిఫరెన్స్ పేజీలు చేస్తుంది. నా మొదటి ప్రశ్నకు ఈ మూడింటిలో గట్టి జవాబు ఇచ్చేది ఇదే. బలహీనత దాని సొంత రాత పద్ధతి, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్. ఒక ఖాళీ తక్కువైతే పేరా రూపమే మారిపోతుంది. కొత్తవాళ్లు అక్కడ భయపడతారు. మిస్ట్ అనే పొడిగింపు పెట్టుకుంటే మార్క్‌డౌన్ అనే తేలికైన రాత పద్ధతిలోనూ రాయవచ్చు, ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది అదే.

ఎంకేడాక్స్ 2014లో టామ్ క్రిస్టీ చేతుల్లో పుట్టింది. ఒక సెట్టింగుల ఫైలు, ఒక ఫోల్డరు నిండా మార్క్‌డౌన్ ఫైళ్లు, అంతే. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి సైట్ సిద్ధం. దానికి పేరు తెచ్చింది మార్టిన్ డోనాత్ చేసిన మెటీరియల్ థీమ్. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్‌ఏపీఐ డాక్యుమెంటేషన్ చూసినవాళ్లకు ఆ రూపం పరిచయమే. ఒక్క విషయం గమనించాలి. 2025 చివర్లో మెటీరియల్ బృందం జెన్సికల్ అనే కొత్త పనిముట్టును ప్రకటించి, మెటీరియల్‌ను నిర్వహణకు పరిమితం చేసింది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు కంగారు పడాల్సిన పని లేదు, మార్క్‌డౌన్ ఫైళ్లు ఎక్కడికైనా వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ప్లగిన్ల మీద ఎక్కువ ఆధారపడకుండా సాదా మార్క్‌డౌన్‌లో రాసుకోవడం మంచిది.

డాక్యుసారస్ ఫేస్‌బుక్ సంస్థ 2017లో విడుదల చేసినది. మొబైల్ యాప్‌ల ఫ్రేమ్‌వర్క్ రియాక్ట్ నేటివ్ సైట్ దీంతోనే నడుస్తుంది. పేజీ మధ్యలో పనిచేసే బటన్లు, ట్యాబులు, రియాక్ట్ ముక్కలు పెట్టవచ్చు. వెర్షన్లు, అనువాదాలు మొదటి నుంచే లోపల ఉన్నాయి. జావాస్క్రిప్ట్ బృందాలకు ఇది చేతికి అలవాటైన పనిముట్టు. ఖర్చు రెండు చోట్ల తగులుతుంది. ఒకటి, కొత్త వెర్షన్ అన్నప్పుడల్లా డాక్యుమెంటేషన్ ఫోల్డరు మొత్తాన్ని నకలు తీసి పెడుతుంది. నాలుగు వెర్షన్లు దాటితే ఒక తప్పును నాలుగు చోట్ల దిద్దాలి. రెండోది, దాని వెనుక ఉన్న జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గుంపు. ఆరు నెలలు తాకకుండా వదిలేసి మళ్లీ తెరిస్తే ఆ రోజు రాయడానికి కాదు, ప్యాకేజీలు దారిలో పెట్టడానికే సరిపోతుంది. అడపాదడపా మాత్రమే సమయం దొరికే బృందం ఇది ఆలోచించుకోవాలి.

నన్ను ఒక్కమాటలో చెప్పమంటే: పైథాన్ లైబ్రరీ అయితే స్ఫింక్స్, మిస్ట్ కలిపి వాడండి. ఫ్రంటెండ్ బృందమైతే డాక్యుసారస్, కానీ నిజంగా అవసరమయ్యేదాకా వెర్షన్ల జోలికి వెళ్లవద్దు. ఇరవై పేజీల లోపు ఉండి, రాసేవాళ్లు అందరూ ప్రోగ్రామర్లు కాకపోతే ఎంకేడాక్స్. రస్ట్‌లో రాస్తుంటే మీరు ఎంచుకోవాల్సిన పని చాలావరకు ఆ భాషే చేసిపెట్టింది. కోడ్ పైన రాసిన వ్యాఖ్యల నుంచి రస్ట్‌డాక్ పేజీలు చేస్తుంది, ఆ వ్యాఖ్యల్లోని ఉదాహరణలు మామూలు టెస్టులతో పాటే నడుస్తాయి. ఉదాహరణ పాతబడితే టెస్ట్ విఫలమవుతుంది. పైథాన్‌లో డాక్‌టెస్ట్ కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. ఏ పనిముట్టు ఎంచుకున్నా ఈ ఏర్పాటు మాత్రం వదులుకోవద్దు.

సైట్ పెట్టడానికి స్థలం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గిట్‌హబ్ పేజెస్ చాలు. స్ఫింక్స్ లేదా ఎంకేడాక్స్ వాడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టయితే రీడ్ ద డాక్స్ ఇంకా మేలు, ప్రతి పుల్ రిక్వెస్ట్‌కూ మార్పు ఎలా కనిపిస్తుందో ముందే చూపిస్తుంది. ఉచిత సేవలో ప్రకటనలు ఉంటాయి.

ఏపీఐ రిఫరెన్స్: పుట్టించాలా, చేత్తో రాయాలా?

స్వాగర్ పేరుతో మొదలై 2015లో లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరిన ఓపెన్‌ఏపీఐ (ఏపీఐ ఎలా ఉంటుందో ఒక ఫైలులో వర్ణించే తీరు) ఇప్పుడు అందరి పద్ధతి. దాని ఫైలు ఒకటి ఉంటే స్వాగర్ యూఐ, రీడాక్ లాంటివి దాని నుంచే రిఫరెన్స్ పుట్టిస్తాయి. చేత్తో రాసిన పట్టికలు ఎప్పటికైనా తప్పుతాయి. కాబట్టి పుట్టించడమే మంచిది. ఇందులో నాకు సందేహం లేదు.

కానీ పుట్టించిన పేజీలో ఏమి ఉంటుందో దగ్గరగా చూడండి. చెల్లింపుల ఏపీఐలో ఒక గడి: 'అమౌంట్. రకం: పూర్ణాంకం. తప్పనిసరి. వివరణ: అమౌంట్.' పనిముట్టు తన పని తాను సక్రమంగా చేసింది, చదివేవాడికి మాత్రం ఏమీ దక్కలేదు. అదే గడిలో మనిషి ఒక్క నిమిషం పెట్టి రాస్తే ఇలా ఉంటుంది: 'వసూలు చేయవలసిన మొత్తం, పైసల్లో. 500 రూపాయలకు 50000 అని పంపండి. దశాంశ బిందువు పంపితే అభ్యర్థన తిరస్కరించబడుతుంది.' చెల్లింపుల ఏపీఐలు చిన్న ప్రమాణంలోనే మొత్తం అడగడం మామూలు. కొత్తగా చేరిన డెవలపర్‌కు అది తెలియకపోతే 500 రూపాయల బిల్లుకు 5 రూపాయలు వసూలవుతుంది. పనిముట్టు చట్రం ఇస్తుంది, ఆ గడుల్లో వాక్యాలు మనమే పెట్టాలి. ప్రమాణం, హద్దులు, ఖాళీ వదిలితే ఏమవుతుంది, ఒక నిజమైన విలువ: ప్రతి గడికీ ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక్కడే ఒక మాట. డెవలపర్ అన్నిటికన్నా ఎక్కువసార్లు చదివే డాక్యుమెంటేషన్ మీ సైట్‌లో లేదు, మీ ఎర్రర్ సందేశాల్లో ఉంది. రస్ట్ కంపైలర్ చాలా తప్పులకు ఒక సంఖ్య ఇస్తుంది. E0382 అని వస్తే, ఆ సంఖ్యతో వివరణ అడిగితే ఉదాహరణతో సహా ఎందుకు తప్పో, ఎలా దిద్దాలో అక్కడికక్కడే చెబుతుంది. మీ లైబ్రరీలో 'చెల్లని విలువ' అని వచ్చే చోట 'టైమౌట్ 30 మిల్లీసెకన్లు, ఇది చాలా తక్కువ. సెకన్లు అనుకున్నారా? అయితే 30000 ఇవ్వండి' అని వస్తే ఆ శుక్రవారం ఫోను వచ్చేదే కాదు. డాక్యుమెంటేషన్‌కు ఒక్క రోజే కేటాయించగలిగితే ఆ రోజును ఎర్రర్ సందేశాలకే ఇవ్వండి.

ప్రశ్నలకు జవాబు ఎక్కడ?

చాట్‌తోనే అందరూ మొదలుపెడతారు. వాట్సాప్ గ్రూపు, టెలిగ్రామ్, డిస్కార్డ్, స్లాక్. అడిగిన రెండు నిమిషాల్లో మనిషి పలుకుతాడు, కొత్తవాడికి ధైర్యం వస్తుంది. ఆ ఆప్యాయతను నేను తక్కువ చేయను. కానీ గూగుల్‌లో వెతికేవాడికి డిస్కార్డ్ లోపలి సంభాషణలు కనిపించవు. స్లాక్ ఉచిత సేవలో 2022 సెప్టెంబరు నుంచి 90 రోజుల సందేశాలే కనిపిస్తున్నాయి, 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటినవాటిని పూర్తిగా తొలగిస్తున్నారు. సర్వర్లపై ప్రోగ్రాములు నడిపే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కుబర్నెటీస్ లాంటి పెద్ద సమూహానికి కూడా 2025 జూన్‌లో స్లాక్ నుంచి ఉన్న ప్రత్యేక సదుపాయం పోతుందన్న కబురు వచ్చింది. తర్వాత ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు, కానీ ఆ కొద్ది రోజులు నిర్వాహకులు పాత సంభాషణలను ఎలా కాపాడుకోవాలా అని ఆందోళన పడ్డారు. ఏళ్ల తరబడి చెప్పిన జవాబులు ఇంకొకరి ధరల పట్టిక మీద ఆధారపడి ఉండకూడదు.

చాట్ తప్పదు అనుకుంటే జూలిప్ చూడండి. అందులో ప్రతి సందేశమూ ఒక శీర్షిక కిందికి వెళ్తుంది, కాబట్టి మూడు రోజుల తర్వాత వచ్చినవాడు కూడా ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరి దాకా చదవగలడు. ఓపెన్ సోర్స్, సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. రస్ట్ భాషను తయారుచేసే బృందాలు తమ చర్చలకు దీన్నే వాడతాయి. మొదటి వారం అందరికీ కొత్తగా అనిపిస్తుంది, ఆ వారం ఓపిక పట్టాలి.

ఫోరం అంటే నాకు ముందు గుర్తొచ్చేది డిస్కోర్స్. జెఫ్ అట్‌వుడ్, రాబిన్ వార్డ్, సామ్ సాఫ్రన్ 2013లో మొదలుపెట్టారు. పైథాన్, రస్ట్ సమూహాల చర్చలు దాని మీదే నడుస్తున్నాయి. వెతికితే దొరుకుతుంది, సరైన జవాబును గుర్తుపెట్టవచ్చు, కొత్త ప్రశ్న టైప్ చేస్తుండగానే పాతవి చూపిస్తుంది. కానీ సర్వర్ చూసుకోవాలి, ఈమెయిళ్లు సరిగ్గా వెళ్లేలా చేయాలి, ముఖ్యంగా అక్కడ మనుషులు ఉండాలి. వారానికి మూడు ప్రశ్నలు వచ్చే చోట ఫోరం తెరిస్తే అది ఖాళీ మండపంలా కనిపిస్తుంది, వచ్చినవాడు అడగకుండానే వెనుదిరుగుతాడు.

అందుకే చిన్న బృందాలకు నా మొదటి సలహా గిట్‌హబ్ డిస్కషన్స్, అంటే రెపోతో పాటే వచ్చే చర్చా వేదిక. 2021 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ఖర్చు లేదు, నిర్వహణ లేదు, కోడ్ పక్కనే ఉంటుంది. ప్రశ్నల విభాగంలో ఒక జవాబును సరైనదిగా గుర్తించవచ్చు. ఎవరైనా ప్రశ్నను పొరపాటున ఇష్యూగా (లోపాల జాబితాలో) పెడితే దాన్ని ఒక్క నొక్కుతో ఇటు మార్చవచ్చు. ఇష్యూలను లోపాలకే ఉంచుకోండి. ప్రశ్నలు, లోపాలు కలిసిపోయిన జాబితాను చూస్తే బృందానికే నీరసం వస్తుంది. మీ వాడకందారులు గిట్‌హబ్ ఖాతా లేనివాళ్లయితే, ఉదాహరణకు కాలేజీ విద్యార్థులు, వ్యాపార సంస్థల ఐటీ సిబ్బంది, ఒక ఈమెయిల్ చిరునామా కూడా ఇవ్వండి. ఆ ఈమెయిళ్లలో పనికొచ్చే ప్రశ్నను పేర్లు తీసేసి మీరే డిస్కషన్స్‌లో పెట్టి జవాబు రాయండి.

మరి ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో? 2008 నుంచి మనందరికీ అన్నం పెట్టిన చోటు అది. కానీ 2022 చివరి తర్వాత అక్కడ కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. చిన్న లైబ్రరీ గురించి అడిగితే జవాబు చెప్పేవాళ్లు మీరే అవుతారు, నిబంధనలు వాళ్లవి అవుతాయి. పాత ప్రశ్నలకు అక్కడ జవాబులు తాజాగా ఉంచండి, కొత్తవాళ్లను అక్కడికి పంపవద్దు. ఆ సంస్థ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఒకటి ఉంది. 2016లో వాళ్లు ఉదాహరణల ఆధారంగా సామూహిక డాక్యుమెంటేషన్ మొదలుపెట్టి, 2017 ఆగస్టులో మూసేశారు. ప్రశ్నలకు జవాబు చెప్పడానికి అంత ఉత్సాహంగా ముందుకొచ్చే జనం ఉన్న చోట కూడా అది నిలబడలేదు. జవాబులు గుట్టగా పోసినంత మాత్రాన డాక్యుమెంటేషన్ కాదు. ఎవరో ఒకరు దాన్ని తమదిగా భావించి వరుసలో పెట్టాలి.

జవాబు ఏ వేదికలో చెప్పినా, మేము పాటించే నియమం ఒకటే: ఒకే ప్రశ్న రెండోసారి వస్తే రెండో జవాబు చాట్‌లో టైప్ చేయం. పేజీ రాసి, దాని లింకు ఇస్తాం.

డాక్యుమెంటేషన్ చదివి జవాబులు చెప్పే ఏఐ బాట్ పెట్టాలా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. పెట్టవచ్చు, కానీ చివర్లో పెట్టండి. మా వికీ పేజీని చదివిన బాట్ ఆ అబ్బాయికి 'సెకన్లలో ఇవ్వండి' అనే చెప్పేది, అదీ ఎంతో నమ్మకంగా. బాట్ వల్ల నాకు కనిపించిన నిజమైన లాభం ఏమిటంటే, అది జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నల జాబితా. ఆ జాబితా ఇచ్చే బాట్ సేవనే తీసుకోండి, జాబితాను వారం వారం చదవండి.

తెలుగులో ఏది రాయాలి?

పైన చెప్పిన 2017 సర్వేలోనే ఇంకో అంకె ఉంది. ఓపెన్ సోర్స్ సమూహంలో దాదాపు 25 శాతం మందికి ఇంగ్లీషు చదవడం, రాయడం 'చాలా బాగా' రాదు. మన దగ్గర చిన్న పట్టణాల ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చే పిల్లలను చూస్తే ఇది అంకెలా అనిపించదు. వాళ్లకు కోడ్ అర్థమవుతుంది. 'ఎందుకు ఇలా' అని చెప్పే మూడు పేరాల ఇంగ్లీషు దగ్గర ఆగిపోతారు. చివరికి తెలుగు వీడియోలు వెతుక్కుంటారు. వీడియో మొదలుపెట్టడానికి మంచిదే, కానీ అందులోంచి ఒక లైను కాపీ చేసుకోలేరు, వెతకలేరు. లైబ్రరీలో ఒక బటన్ పేరు మారితే వీడియో మొత్తం మళ్లీ తీయాలి.

అందుకని నాలుగు రకాల్లో రెండింటిని తెలుగులో రాయమంటాను: ట్యుటోరియల్, వివరణ. రిఫరెన్స్‌ను ఇంగ్లీషులోనే వదిలేయండి. అది తరచూ మారుతుంది, అందులో వాక్యాలు తక్కువ, పేర్లు ఎక్కువ. ఎర్రర్ సందేశాన్ని తెలుగు పేజీలో కూడా తెరపై కనిపించినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా పెట్టండి, ఎందుకంటే పిల్లలు వెతికేది దాన్నే.

అనువాదం ఉద్దేశం ఉంటే పనిముట్టు ఎంపిక మళ్లీ ఒకసారి ఆలోచించాలి. స్ఫింక్స్ అనువాదాన్ని పేరా పేరాగా విడిగా దాస్తుంది. ఇంగ్లీషు పేరా మారితే తెలుగు పేజీలో ఆ పేరా ఒక్కటే ఇంగ్లీషులో కనిపిస్తుంది, అనువదించేవారికి ఏది దిద్దాలో తెలుస్తుంది. డాక్యుసారస్‌లో తెలుగు పేజీ మొత్తం విడి నకలు. ఇంగ్లీషు పేజీ మారినా తెలుగు పేజీ పాత సంగతే చెబుతూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. మన సెకన్లు, మిల్లీసెకన్ల కథే మళ్లీ, ఈసారి తెలుగులో. పీడీఎఫ్ కూడా కావాలంటే స్ఫింక్స్‌లో మామూలు ఏర్పాటు తెలుగు అక్షరాలను చూపించలేదు, జీలాటెక్ (XeLaTeX) అనే పీడీఎఫ్ ఇంజిన్‌కు మార్చుకోవాలి.

వెతుకులాటను తప్పకుండా పరీక్షించండి. 'ఫైలు' అని టైప్ చేస్తే 'ఫైళ్లలో' అన్న పేజీ రావాలి. 'సర్వర్‌లో' అని మనం రాసేటప్పుడు ర్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉంటుంది. వెతికేవాడు దాన్ని టైప్ చేయకపోతే 'సర్వర్లో' అవుతుంది, పేజీ దొరకదు. ఇలాంటి పది మాటలు రాసుకుని, ఎంచుకోబోయే పనిముట్టులో నమూనా సైట్ పెట్టి, వెతికి చూడండి. అరగంట పని.

మారేటప్పుడు

ఒక్కరే నడిపే లైబ్రరీ అయితే చక్కటి రీడ్‌మీ ఫైలు (ప్రాజెక్టు పరిచయ పేజీ), డిస్కషన్స్, మంచి ఎర్రర్ సందేశాలు. ఏడాది పాటు ఇంకేమీ అక్కర్లేదు. అయిదారుగురు ఉండి, డబ్బు కట్టే వినియోగదారులు ఉంటే రెపోలో డాక్యుమెంటేషన్, ఓపెన్‌ఏపీఐ, ఈమెయిల్, దాని వెనుక డిస్కషన్స్. మీరు లేకుండానే వాడకందారులు ఒకరికొకరు జవాబు చెప్పుకోవడం మొదలైన రోజున డిస్కోర్స్ గురించి ఆలోచించండి, అంతకు ముందు వద్దు.

పాత చోటు నుంచి మారేటప్పుడు అన్నీ ఒకేసారి తరలించకండి. మేము వికీలో ఎక్కువమంది చదివే పన్నెండు పేజీలను మాత్రమే ముందు తెచ్చాం, తెచ్చే ముందు ప్రతి ఉదాహరణనూ నడిపి చూశాం. మిగతావాటి మీద 'ఇది పాత పేజీ' అని తేదీతో సహా రాసి ఉంచాం. పాత చిరునామాలను మాత్రం తెగనివ్వకండి. ఎవరో ఎప్పుడో ఇచ్చిన జవాబులో, ఎవరి కోడ్‌లోనో వ్యాఖ్యగా మీ పేజీ లింకు ఉంటుంది. పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్లించే ప్లగిన్ స్ఫింక్స్, ఎంకేడాక్స్, డాక్యుసారస్ మూడింటికీ ఉంది. సైట్ పెట్టిన రోజునే దాన్ని కూడా పెట్టండి, తర్వాత ఒక నెల పాటు, సర్వర్ లాగ్ చూసే వీలుంటే, అందులో 404లు (పేజీ దొరకలేదన్న ఎర్రర్లు) ఏ చిరునామాలకు వస్తున్నాయో చూసి ఒక్కొక్కటీ కలుపుతూ వెళ్లండి.